ఫార్మాట్ కొట్టకుండా: పాత డెస్క్‌టాప్ క్రాష్‌ల మీద ఇప్పటిదాకా జరిగిన పని

మెషీన్ వివరాలు ముందు. మూడో తరం కోర్ ఐ5-3470, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు, ఒక హార్డ్ డిస్క్, విండోస్ 10. పన్నెండేళ్లు దాటిన అసెంబుల్డ్ సిస్టమ్. నాన్న శుభలేఖలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో "అను" అనే తెలుగు డీటీపీ ఫాంట్లతో దీని మీదే చేస్తారు. ఆ పాత ఫైళ్లు, వేళ్లకు పట్టేసిన ఆ కీబోర్డు లేఅవుట్ కొత్త మెషీన్‌కి అంత తేలిగ్గా రావు. అందుకే "ఇంకోటి కొనెయ్" అనే సలహా మా ఇంట్లో చెల్లదు.

జబ్బేమిటంటే, పని మధ్యలో ఆగిపోవడం. ఒక్కోసారి బ్లూ స్క్రీన్, ఒక్కోసారి ఏ హెచ్చరికా లేకుండా నల్లబడి తనంతట తానే మళ్లీ ఆన్ కావడం. నాన్న లెక్కలో రెండూ ఒకటే: "మళ్లీ పోయిందిరా." పక్కింటి కుర్రాడి లెక్కలో మందు కూడా ఒకటే: ఫార్మాట్. ఫార్మాట్ కొట్టడం ఒక పూట పని. ఆ తర్వాత ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు వెతికి ఎక్కించడం రెండు పూటలు. తీరా లోపం హార్డ్‌వేర్‌లో ఉంటే చేసిందంతా వృథా. కాబట్టి ఫార్మాట్‌ని అన్నిటికన్నా చివర పెట్టి, ముందు నాన్న ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేశాను.

నీలమా, నలుపా?

సిస్టమ్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీకి వెళ్లి "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" టిక్కు తీసేశాను. ఇక బ్లూ స్క్రీన్ వస్తే అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు. కీబోర్డు పక్కన చిన్న నోట్‌బుక్ పెట్టి, ఆగినప్పుడల్లా టైమ్, రంగు, అప్పుడు చేస్తున్న పని రాయమన్నాను. నాన్న రాతలో పొదుపెక్కువ. "సా. 6.40. నలుపు. కరెంటు పోయి వచ్చింది." "ఉ. 11. నీలం. కార్డు ప్రింట్ ఇస్తుండగా." ఇలాంటివి నాలుగైదు లైన్లు పడేసరికి ఇది ఒక జబ్బు కాదని, రెండని తేలిపోయింది.

విండోస్ తన ఎర్రర్లు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ కూడా అదే చెప్పింది. కెర్నెల్-పవర్ 41 అనే ఎర్రర్ రెండు రకాలకూ పడుతుంది. దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ అని ఒక లైన్ ఉంటుంది, చూడాల్సింది అది. నల్లబడినప్పుడల్లా అక్కడ సున్నా ఉంది. అంటే విండోస్‌కి ఏం జరిగిందో రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు, కింద నుంచి కరెంటే తెగిపోయింది. నీలం వచ్చినప్పుడు 26, 80, 59 ఇలా ఉన్నాయి. ఇవి మామూలు అంకెలు. నెట్‌లో వెతకాలంటే హెక్స్‌లోకి, అంటే పదహారు ఆధారంగా లెక్కించే అంకెల్లోకి, మార్చుకోవాలి. 26 అంటే 1ఏ, మెమరీ మేనేజ్‌మెంట్. 80 అంటే 50, పేజ్ ఫాల్ట్.

నీలం సంగతి

ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే డ్రైవర్ ఫైలు పేరు వస్తే డ్రైవర్‌ని పట్టుకోవాలి. పూటకో కోడ్ వస్తుంటే నేను ముందు ర్యామ్‌నే అనుమానిస్తాను. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో బూట్ చేసి, రాత్రి వదిలేసి పడుకున్నాను. మొదటి పాస్ శుభ్రంగా పోయింది. పొద్దున లేచి చూస్తే స్క్రీన్ కింది సగం ఎర్ర లైన్లే. ఒక్క పాస్ చూసి "ర్యామ్ బాగుంది" అని ఆపేసేవాళ్లు చాలామంది ఉంటారు. పాత ర్యామ్ వేడెక్కాక గానీ నిజం చెప్పదు.

తర్వాత ఒక్కో ర్యామ్‌నే ఒకే స్లాట్‌లో పెట్టి చూశాను. ఒకటి పాస్, రెండోది ఫెయిల్. ఫెయిలైన దాన్ని రెండో స్లాట్‌లోకి మార్చినా ఎర్రర్లు దాని వెంటే వచ్చాయి కాబట్టి బోర్డు నిర్దోషి. బంగారు రంగు కాంటాక్టుల మీద రబ్బరుతో మెల్లగా రుద్ది, క్యాబినెట్ లోపలంతా దులిపి మళ్లీ పెట్టాను. ఈ చిట్కా చాలాసార్లు పనిచేస్తుంది, ఈసారి చేయలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి అదే 1600 స్పీడున్న సెకండ్ హ్యాండ్ ర్యామ్ తెచ్చాను. దాన్ని కూడా ఒక రాత్రంతా టెస్ట్‌లో పెట్టాకే నమ్మాను.

విండోస్ సొంత ఫైళ్లను రిపేర్ చేసే డిజమ్ రీస్టోర్‌హెల్త్, ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్లు ర్యామ్ మార్చిన తర్వాతే కొట్టాలి. చెడ్డ ర్యామ్ ఉండగా రిపేర్ చేయిస్తే, ఆ రిపేర్ చేసిన ఫైళ్లు కూడా దాని గుండానే పోతాయి. కొన్ని పాడైన ఫైళ్లు దొరికాయి, సరిచేసింది.

నలుపు సంగతి

దీనికి ఎక్కువ తల పగిలింది. ముందు వేడి అనుకున్నాను. లోడ్ పెడితే ప్రాసెసర్ 96 డిగ్రీలు చూపించింది. కూలర్ విప్పితే, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే పేస్టు సున్నంలా ఎండిపోయి ఉంది, నాలుగు పిన్నుల్లో ఒకటి సరిగా దిగనే లేదు. కొత్త పేస్టు రాసి బిగించాక 70 లోపే ఉంటోంది. కానీ ఈ చిప్‌కి హద్దు 105, పైగా నోట్‌బుక్‌లో నలుపు పడ్డవన్నీ సాయంత్రం కరెంటు వచ్చిపోయే వేళలే. వేడి తగ్గాక కూడా అది ఆగలేదు.

ఒక సాయంత్రం దాని ముందే కూర్చున్నాను. కరెంటు పోయింది, ఇన్వర్టర్ రిలే టక్‌మంది, ఆ టక్‌తోపాటే సిస్టమ్ పోయింది. రౌటర్ లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఇన్వర్టర్, కరెంటుని త్వరగా మార్చే యూపీఎస్ మోడ్‌లోనే ఉంది. కరెంటు మారే ఆ రెప్పపాటు గ్యాప్‌ని ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా) తన కెపాసిటర్‌లో దాచుకున్న ఛార్జ్‌తో దాటించాలి. నిండు లోడ్‌లో కూడా 16-17 మిల్లీసెకన్లు నిలబడాలని డెస్క్‌టాప్ పవర్ సప్లైలకున్న ఏటీఎక్స్ ప్రమాణం. ఏళ్లు గడిచి కెపాసిటర్ ఎండిపోతే ఆ ఓపిక తగ్గిపోతుంది.

మల్టీమీటర్ తీశాను. మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు 5, నలుపు గ్రౌండ్. ఖాళీగా ఉన్నప్పుడు పసుపు మీద 11.9. ప్రాసెసర్‌కి నిండు లోడ్ పెట్టే ప్రైమ్95 నడిపితే 11.3కి జారింది. ప్రమాణం ప్రకారం 5 శాతం తేడా దాకా ఒప్పు, అంటే 11.4 కన్నా తగ్గకూడదు. ఖాళీగా ఉన్నప్పటి రీడింగ్ చూసి మురిసిపోవద్దని చెప్పడానికే ఈ అంకెలు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పలేదు, మీరూ విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైచిలుకు మిగిలి ఉండొచ్చు.

80 ప్లస్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) రేటింగ్ ఉన్న 450 వాట్ల కొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించాను. అదే ప్రైమ్95కి ఇప్పుడు 12.05 దగ్గర కదలకుండా ఉంది. మెయిన్ ఆఫ్ చేసి ఆన్ చేసి పదే పదే పరీక్షించాను, ఇంట్లోవాళ్లు తిట్టేదాకా. సిస్టమ్ ఆగలేదు.

పనిలో పనిగా, క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనే బాధ కూడా పోయింది. దానికి ఎస్‌ఎంపీఎస్ పాడవనక్కర్లేదు, ఎర్త్ లేకపోతే దాని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిగా కరెంటు బాడీలోకి వస్తుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఎర్త్ వైరు ఊడి ఉంది. అంతే.

మిగిలింది

బోర్డు మీది బిళ్ల బ్యాటరీ (సీఆర్2032) 2.6 వోల్టులకు పడిపోయింది, మార్చేశాను. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో హార్డ్ డిస్క్‌కి పసుపు గుర్తు, పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమైన చోట్లు) 8. డేటా రవాణాలో వచ్చే సీఆర్‌సీ ఎర్రర్లు సున్నా, అంటే కేబుల్ బాగానే ఉంది, డిస్కే ముసలిదైంది. దాని బదులు 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టి, ఉన్నది ఉన్నట్టు దానిలోకి క్లోన్ చేస్తాను. హెచ్61లో సాటా (డిస్క్ కనెక్షన్) వేగం సెకనుకు 3 గిగాబిట్లే కాబట్టి ఖరీదైనది దండగ.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 జాబితాలో ఈ ప్రాసెసర్ లేదు. అందుకని నెట్ కేబుల్ పీకేశాను, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే అటూ ఇటూ. ఎస్‌ఎస్‌డీ పని మూఢంలో పెట్టుకోమన్నారు నాన్న, అప్పుడైతే కార్డుల ఆర్డర్లు ఉండవు. అప్పటిదాకా రోజూ సాయంత్రం బ్యాకప్.