తల్లిరాయి జరిగింది

పదకొండు దాటినా నిద్ర పట్టకపోవడానికి కారణం ఒక రాయి. రెండడుగుల చేపల తొట్టిలో ఎడమ అంచు నుంచి మూడో వంతు దూరంలో, కాస్త ముందుకు వాలేలా నేను నిలబెట్టిన పెద్దరాయి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సరిగ్గా నడిమధ్యకు చేరింది. అడిగితే మా వారు, "అక్కడైతే నిండుగా ఉంది కదా," అని పేపరు తిప్పారు.

రాళ్లను బేసి సంఖ్యలో పేర్చే ఈ పద్ధతిని జపాను వారు ఇవగుమి అంటారు. అందులో అన్నిటికన్నా పెద్దదైన ఒయాఇషిని మధ్యలో పెట్టరు, పెడితే చూపు అక్కడే ఆగిపోయి తొట్టి రెండు ముక్కలైనట్టు కనిపిస్తుంది. ఒయా అంటే కన్నవారు కనుక నేను దానికి తల్లిరాయి అని పేరు పెట్టుకున్నాను. నిజానికి ఇవగుమిలో రాళ్లే ఉండాలి, పక్కన చెట్టు వేరును చేర్చి నేనూ నియమం తప్పినదాన్నే. అయినా తప్పడానికి ముందు నియమం తెలియాలి కదా! చేపల తొట్లను ఇలా తీర్చడంలో పేరుపొందిన జపాను కళాకారుడు తకాషి అమానో 2015లో పోర్చుగల్‌లోని లిస్బన్ ఓషనేరియంలో రాళ్లతో, మొద్దులతో తీర్చిన నలభై మీటర్ల తొట్టిని ఒకసారి చూపిస్తే, "చేపలు మరీ చిన్నవి," అన్న మనిషికి ఏమని చెప్పను?

ఆ వేరు మాత్రం మా తాతయ్యది. 1986 ఆగస్టులో గోదావరి వరద తీశాక, లంకలో మోకాటి లోతు ఒండ్రులో దిగబడి ఉన్న దాన్ని ఆయన పలుపుతాడు కట్టి లాక్కొచ్చారు. అది ఏ చెట్టుదో ఎవరూ చెప్పలేకపోయారు. పొయ్యిలో పెడదామని అమ్మమ్మ ఎంత పోరినా వినకుండా పశువుల పాకలో పాతి లేగదూడను దానికి కట్టేవారు. తాడు ఒరిసి ఒరిసి పడిన వేలెడు గాడి ఆ వేరు మీద ఇప్పటికీ ఉంది. మూడు వారాలు డ్రమ్ములో నానబెట్టి, డికాక్షను రంగు నీళ్లను రోజూ పారబోసి, పైన పట్టిన తెల్లటి జిగురును పాత బ్రష్షుతో తోమితే గానీ అది తొట్టిలోకి రాలేదు.

ఇంతవరకు టైపు చేసి, కోపం చల్లారక టార్చి పట్టుకుని వెళ్లి చూశాను. తల్లిరాయి అడుగు అంచు సరిగ్గా ఆ గాడి మీద కూర్చుని ఉంది, వేరు వెనుక కొస ఇసుక నుంచి రెండు వేళ్ల ఎత్తు లేచి ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ఎండిన కర్రలోకి మూడు వారాల్లో నీరు పూర్తిగా దిగుతుందా? పగలు అది తేలబోతే మా వారు రాయితో నొక్కిపెట్టి ఉంటారు. ఆ మాట చెప్పకుండా నిండుగా ఉందనడం ఎందుకో! చెప్పి ఉంటే నేను, నానబెట్టడం చాలలేదా అని నా మీదే విసుక్కునేదాన్ని, బహుశా అది ఆయనకు తెలుసు.

శనివారం వేరును ఒక పలకకు స్టీలు స్క్రూతో బిగించాలి. బాల్కనీలోని కడప బండ ముక్క పనికిరాదు, అది సున్నపురాయి. వెనిగర్ చుక్క వేస్తే బుస్సుమని పొంగింది, తొట్టిలో వేస్తే సున్నం కరిగి నీళ్ల కఠినత్వం పెరుగుతుంది. వంటగట్టు వేయగా మిగిలిన గ్రానైటు ముక్క సింకు కింద ఉండాలి. అంతవరకు రాయిని కదపను. మధ్యలో బాగా లేదని మాత్రం పొద్దున మళ్లీ అంటాను.