అమ్మతో ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా

2024 అక్టోబరులో అమ్మను నాతోపాటు అమెరికా తీసుకువెళ్లాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకసారి, అట్లాంటాలో ఇంకోసారి విమానం మారాలి. అంటే చేతి సామాను మూడు చోట్ల చెకింగుకు వెళ్తుంది. ఒక చోట పోనిచ్చిన సీసాను ఇంకో చోట తీసేసుకోవచ్చు. సర్దుకునేటప్పుడు నేను మనసులో పెట్టుకున్నది ఇదొక్కటే.

అమ్మ చేతిలో 200 మిల్లీలీటర్ల తలనూనె సీసా ఉంది. "సగం కూడా లేదు కదా, ఇదీ తీసేస్తారా?" అంది. తీసేస్తారు. వాళ్లు చూసేది సీసా సైజు, లోపల ఎంత మిగిలిందన్నది కాదు. 100 మిల్లీలీటర్లు దాటిన సీసా ఖాళీగా ఉంటేనే పోనిస్తారు. టూత్‌పేస్టు, క్రీములు, జెల్ అన్నీ ద్రవాల లెక్కలోకే వస్తాయి. వాటిని లీటరు పట్టే పారదర్శకమైన కవర్లో సర్దాం, నూనె పెద్ద సూట్‌కేసులోకి వెళ్లింది. అమ్మ దగ్గు మందుకు మాత్రం ఈ కొలత వర్తించదు. దాన్ని డాక్టరు చీటీతో కలిపి విడిగా పెట్టి, అడగకముందే చూపించాను. పసిపిల్లల పాలకూ ఇలాంటి మినహాయింపే ఉంది.

ఈ నిబంధనకు కారణం 2006 ఆగస్టు. కూల్‌డ్రింక్ సీసాల్లో ద్రవ పేలుడు పదార్థం నింపి, లండన్ నుంచి అమెరికా, కెనడా వెళ్లే విమానాలను పేల్చాలన్న కుట్రను బ్రిటిష్ పోలీసులు ఛేదించారు. మామూలు ఎక్స్‌రేలో నీళ్లకూ అలాంటి ద్రవానికీ తేడా సరిగా తెలియదు. అందుకే ఆ ఏడాది చివరికల్లా అమెరికా, యూరప్ దేశాలు 100 మిల్లీలీటర్ల పరిమితి పెట్టాయి. దీన్ని విసుక్కునేవాళ్లను చాలామందిని చూశాను. ఆ కుట్ర గురించి చదివాక నాకు ఆ విసుగు పోయింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్ ఎయిర్‌పోర్టులో కొత్త సీటీ స్కానర్లు ఉన్నాయి. ఆసుపత్రిలో సీటీ స్కాన్ లాగే ఇవి బ్యాగును అన్ని వైపుల నుంచీ చూస్తాయి. ల్యాప్‌టాప్ గానీ సీసాలు గానీ బయటికి తీయక్కర్లేదన్నారు. అయినా 100 మిల్లీలీటర్ల హద్దు మాత్రం అప్పటికి అలాగే ఉంది. ఇలాంటి యంత్రాలున్న చోట ఇచ్చిన సడలింపును యూరోపియన్ యూనియన్ 2024 సెప్టెంబరు 1 నుంచి తాత్కాలికంగా నిలిపేసింది. అమెరికా వెళ్లే విమానాలకైతే 350 మిల్లీలీటర్లు దాటిన పొడులను కూడా ప్రత్యేకంగా చూస్తారు.

స్నేహితుడి కోసం మొదటి ఎయిర్‌పోర్టులోనే డ్యూటీ ఫ్రీలో లీటరు విస్కీ కొన్నాను. అమ్మినావిడ నా బోర్డింగ్ పాసులు అడిగి చూసి, ఎర్ర అంచున్న సంచిలో బిల్లుతో సహా సీలు వేసి, "చివరి ఎయిర్‌పోర్టు దాకా విప్పకండి" అని రెండుసార్లు చెప్పింది. ఆ జాగ్రత్త నాకెంతో నచ్చింది. స్కిపోల్‌లో సీలు, బిల్లు చూసి, సీసాను స్కాన్ చేసి ఇచ్చేశారు.

అట్లాంటాలో దిగేముందు, విమానంలో ఇచ్చిన ఆపిల్‌ను అమ్మ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోబోయింది. "తినెయ్యమ్మా, లేదంటే ఇక్కడే వదిలెయ్" అన్నాను. పండు బయటికి తెచ్చి చెప్పకపోతే జరిమానా పడుతుంది. చెబితే మహా అయితే తీసుకుని పారేస్తారు. బ్యాగుల మధ్య బీగిల్ కుక్కలు తిరుగుతుంటాయి, వాసన తగిలితే ఆ బ్యాగు పక్కన కూర్చుంటాయి.

కస్టమ్స్ లెక్క మా ఇద్దరికీ వేరు. నేను అక్కడ నివసించేదాన్ని కాబట్టి 800 డాలర్ల వరకు కొన్న వస్తువులకు సుంకం లేదు, 21 ఏళ్లు దాటినందున అందులో లీటరు మద్యం కూడా తెచ్చుకోవచ్చు. అమ్మ చూడటానికి వచ్చింది కాబట్టి, సొంత వాడకానివి కాక, ఆమె తెచ్చే కానుకలకు 100 డాలర్లే హద్దు. అందుకే అక్కడివాళ్ల కోసం కొన్నవన్నీ నా బ్యాగులో, నా పేరు మీద బిల్లులతో ఉంచాం. నగదు ఎంతైనా తేవచ్చు గానీ 10,000 డాలర్లు దాటితే రాసివ్వాలి. కలిసి వచ్చే కుటుంబానికి అంతా కలిపే లెక్క. మా దగ్గర అంత లేదు.

అమెరికాలో మొదట దిగిన చోటే పెద్ద బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి. ఆ తర్వాత మళ్లీ సెక్యూరిటీ. సీలు చెక్కుచెదరకుండా ఉండి, 48 గంటల్లోపు కొన్నట్టు బిల్లు ఉంటే డ్యూటీ ఫ్రీ సీసాను ఒప్పుకుంటారు, కానీ స్కానర్ అనుమానిస్తే ఒప్పుకోరు. అందుకే బెల్టు దగ్గరే సంచిని తువ్వాలులో చుట్టి సూట్‌కేసులో పెట్టేశాను. అంత చోటు బయలుదేరేటప్పుడే వదిలాం.

సెక్యూరిటీ వరుసలో మా ముందు ఒక పెద్దాయన సంచి సీలు అప్పటికే తెరిచి ఉంది. సీసా పక్కన పెట్టేశారు. సూట్‌కేసులో పెట్టి వస్తానని ఆయన ఇంగ్లిష్‌లో తడుముకుంటూ అడిగాడు. సూట్‌కేసు అప్పటికే వెళ్లిపోయింది.