ఏ సిగరెట్టు ఎందుకో రాసుకున్నాకే మానగలిగాను

రోజుకు 14 కాల్చేవాణ్ణి. అంతకుముందు రెండుసార్లు మానబోయి నాలుగో రోజు దాటలేదు. మూడోసారి మానే ముందు వారం రోజులు మామూలుగానే కాలుస్తూ, ప్రతిదానికీ టైము, కారణం చిన్న పుస్తకంలో రాశాను. వెలిగించక ముందే రాయాలి. కాల్చాక రాస్తే అన్నిటికీ "ఊరికే" అనే వస్తుంది.

లెక్క చూస్తే ఒళ్ళు అడిగి కాల్చినవి నాలుగైదే. మిగతావి టీతో, అన్నం తిన్నాక, పని టెన్షన్‌లో, బడ్డీ కొట్టు దగ్గర తోటివాళ్ళతో. అన్నిటికీ ఒకే మందు పనిచేయదని అప్పుడు అర్థమైంది.

ఒళ్ళు అడిగేవాటికి నికోటిన్ గమ్, అంటే సిగరెట్టుకు బానిసను చేసే నికోటిన్‌ను పొగ లేకుండా కొద్దికొద్దిగా ఇచ్చే చూయింగ్ గమ్. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది, అందుకే పొద్దున్నే అంత యావ. లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవాళ్ళకు 4 మిల్లీగ్రాములది, మిగతావాళ్ళకు 2 సరిపోతుంది. దాన్ని మామూలు గమ్‌లా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, గుండెల్లో మంట వస్తాయి; చాలామంది ఇక్కడే వదిలేస్తారు. నాలుక చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గితే మళ్ళీ నమలాలి. ఒక్కోటి అరగంట. దానికి 15 నిమిషాల ముందు నుంచి టీ, కాఫీ, నిమ్మరసం వద్దు. పులుపు ఉంటే నికోటిన్ నోట్లోంచి రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. పొగ సెకన్లలో మెదడుకు చేరుతుంది, గమ్‌కు నిమిషాలు పడుతుంది. కాబట్టి యావ పుట్టేదాకా ఆగకుండా మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి వేసుకుని, తర్వాత ఎడం పెంచుతూ 12 వారాలకు ఆపాను.

టీ సంగతి ఎవరూ చెప్పరు. పొగ వల్ల లివర్ టీలోని కెఫీన్‌ను త్వరగా అరగదీస్తుంది. మానేస్తే ఆ వేగం తగ్గి, అవే నాలుగు టీలు దాదాపు రెట్టింపుగా పనిచేస్తాయి. నిద్ర పట్టదు, గుండె దడ. అది సిగరెట్టు లేకే అనుకుని మళ్ళీ వెలిగిస్తాం. నేను టీ సగం చేశాను. ఇదే కారణంగా థియోఫిలిన్ (ఆయాసానికి మందు), క్లోజపిన్ (మానసిక జబ్బుకు మందు) వాడేవాళ్ళు మానే ముందే డాక్టరుకు చెప్పాలి.

పొద్దున లెట్రిన్‌కి వెళ్ళాలంటే సిగరెట్టు కావలసినవాళ్ళకు మొదట్లో మలబద్ధకం రావచ్చు. గోరువెచ్చని నీళ్ళు, అరటిపండు, జామకాయ, నడక. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

టెన్షన్‌లో మనం సిగరెట్టు ఇచ్చిందనుకునే ఊరటలో చాలా భాగం నికోటిన్ తగ్గడం వల్ల పుట్టిన చిరాకు తీరడమే. ఆ తహతహ సాధారణంగా ఐదు నిమిషాలు మించదు. కుర్చీలోంచి లేచి మెట్లు దిగి ఎక్కితే గడిచిపోతుంది. రెండో, మూడో రోజు అన్నిటికంటే కష్టం. ఆ రోజులు సెలవుల్లో పడేలా చూసుకోవాలి. సిగరెట్టు పెట్టె మీదే ఉచిత నంబరు ఉంటుంది, 1800-11-2356. మొహమాటపడకుండా చేయండి.

స్నేహితుల మధ్య కాల్చేదే చివరిదాకా వేధించింది. దానికి గమ్ పనిచేయదు. నెల రోజులు బడ్డీ కొట్టు వైపు వెళ్ళలేదు, విడి సిగరెట్టు చేతికివ్వొద్దని వాళ్ళకు ముందే చెప్పాను. ఐదో వారం పెళ్ళిలో ఒకటి కాల్చాను. కారణం అదే పుస్తకంలో రాసి, గంటలో మళ్ళీ గమ్ వేసుకున్నాను.