కాపలా కాసే చీమలే మొగ్గలు కొరికేస్తే

చెట్టు చీమలకి ఇల్లూ తిండీ ఇస్తుంది, చీమలు చెట్టుకి కాపలా కాస్తాయి, ఈ ముక్క మనందరం వినే ఉంటాం. నేనూ చాలా ఏళ్ళు దీన్ని చక్కటి స్నేహం అనే అనుకున్నా. కార్డియా నోడోసా అనే చెట్టు గురించి చదివాక మాత్రం ఆ మాట నోటికి రావట్లేదు.

ఇది అమెజాన్ అడవిలో పెద్ద చెట్ల నీడన పెరిగే చిన్న చెట్టు. కొమ్మల కణుపులు ఉబ్బి లోపల బోలుగా ఉంటాయి, అల్లోమెరస్ అనే బుల్లి చీమలు అందులో కాపురం పెడతాయి. ఆకు మీద ఏ పురుగు వాలినా వచ్చి మీద పడి తరిమేస్తాయి. ఇంతవరకూ బానే ఉంది కదా, కానీ చెట్టు మొగ్గ తొడగడం ఆలస్యం, అవే చీమలు వెళ్ళి ఆ మొగ్గల్ని కొరికి పాడుచేసేస్తాయి, ఇక కాయా లేదు విత్తనమూ లేదు. పెరూ అడవుల్లో దీన్ని గమనించి డగ్లస్ యూ, నయోమి పియర్స్ అనే శాస్త్రవేత్తలు 1998లో పేపర్ రాశారు. పూతకీ కాపుకీ పోవాల్సిన బలం కొత్త చిగుళ్ళకి పోతుంది, చిగురు సాగితే ఇంకో కణుపు, కణుపంటే చీమలకి ఇంకో గది, గదులు పెరిగితే పుట్టే చీమలూ పెరుగుతాయి. చదువుతుంటే చెట్టు మీద జాలేసింది.

నిజానికి పువ్వుకీ చీమకీ చాలా చోట్ల పడదు. చీమల ఒంటి మీద సూక్ష్మజీవుల్ని చంపే స్రావాలుంటాయి, అవి తగిలితే పుప్పొడి పాడవచ్చు, పైగా పువ్వు మీద చీమలు తిరుగుతుంటే తేనెటీగ వాలడానికే జంకుతుంది. అందుకేనేమో కృష్ణకమలం జాతి తీగలు చీమల కోసం తేనెని ఆకు కాడ మీదే పెడతాయి, కాడకి అంటుకున్న చిన్న చిన్న బొడిపెల్లాంటివి ఉంటాయి చూడండి, వాటి మీద తియ్యటి చుక్క ఊరుతుంది, చీమలు అక్కడే తచ్చాడుతూ ఆకుల్ని కాస్తాయి. ఎంత ముచ్చటైన ఏర్పాటో!

కార్డియాకి ఆ వీలు లేదు, చీమలు లేకపోతే ఆకులు పురుగుల పాలు, ఈ చీమలుంటే పూత దక్కదు. అయితే అదే చెట్టులో అజ్టెకా అనే వేరే రకం చీమలు చేరితే అవి పూల జోలికి పోవు, మొగ్గలు వాటి మానాన విచ్చుకుంటాయి. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఆ బోలు కణుపులోకి ఏ జాతి రాణి చీమ దూరి గుడ్లు పెట్టి నిలదొక్కుకుంటుందో, దాని మీదే ఆ చెట్టు పూయడం ఆధారపడి ఉంది.