గాజు మీది గీత

ఇటీవల చిత్రకళ విద్యార్థులతో మూడు రోజుల కార్యశాల నడిపాను. ప్రకృతినీ కృత్రిమ మేధనూ ఒకే బల్ల మీదికి తేవాలన్నది నా ఆలోచన. నేను పెట్టిన నియమం ఒక్కటే: అడిగిన బొమ్మనల్లా గీసిపెట్టే యంత్రాల జోలికి వెళ్లకుండా, రాలిన ఆకులను తామే ఏరి, స్కాన్ చేసి, ఒక్కోదానికీ వర్గం రాసి, వాటితోనే ఒక చిన్న మోడల్‌కు (చూసిన బొమ్మల నుంచి నేర్చుకుని కొత్త బొమ్మలు గీసే ప్రోగ్రాముకు) శిక్షణ ఇవ్వాలి.

ఏరడం సులువే, వర్గం రాయడం దగ్గరే పేచీ వచ్చింది. తొడిమ వైపు పచ్చగా, కొన వైపు పసుపుగా ఉన్న ఆకును పండుటాకు అనాలా, కూడదా అని పావుగంట వాదించుకున్నారు. 2018లో అనా రిడ్లర్ అనే కళాకారిణి పది వేల తులిప్ పూలను ఫోటోలు తీసి, ఒక్కొక్కదానికీ చేత్తో వివరం రాసుకున్నారని చెప్పినప్పుడు గది కాసేపు నిశ్శబ్దమైంది. నా దృష్టిలో ఆ వాదనే అసలైన చిత్రలేఖనం పాఠం, ఎందుకంటే ఆకును అంతసేపు చూడమని నేను చెబితే ఎవరూ చూసేవారు కారు.

రెండో రోజు మోడల్ ఇచ్చిన ఆకులన్నిటి పక్కనా కుడివైపు కింద సన్నని ఏటవాలు గీత ఒకటి కనిపించింది. యంత్రం సొంతంగా కల్పించిన అలంకారమని కొందరు మెచ్చుకున్నారు (నేనూ తలూపాను, దాచడమెందుకు). తీరా చూస్తే అది స్కానర్ గాజు మీది గీత. ప్రతి బొమ్మలోనూ ఉంది కనుక మోడల్ దానిని శ్రద్ధగా నేర్చుకుంది. పురుగు తిన్న చిల్లులు మాత్రం ఒక్కో ఆకుకు ఒక్కో చోట ఉన్నందున వాటిని పూడ్చి నున్నగా చేసింది.

మూడో రోజు బొమ్మ వేసే పనిని ఎండకు వదిలేశాం. ఎండతో నీలి ముద్రలు వేసే సయనోటైప్ పద్ధతిని 1842లో ఆంగ్ల శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనుగొన్నారు; దానితోనే వృక్షశాస్త్రజ్ఞురాలు అనా అట్కిన్స్ 1843 నుంచి సముద్రపు నాచు ముద్రలను పుస్తకంగా వెలువరించారు. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద ఆకును పరచి ఎండలో ఉంచి కడిగితే, వెలుగు తగిలిన చోటు నీలంగా మారి, ఆకు నీడ తెల్లగా మిగులుతుంది. పురుగు చిల్లులు ఆ తెలుపులో నీలి చుక్కలై తేలాయి.

ఒక విద్యార్థిని యంత్రం ఇచ్చిన ఆకును పారదర్శక ఫిల్ముపై నల్లగా అచ్చు వేసి, చిల్లులు పడ్డ నిజమైన ఆకు పక్కన అదే కాగితంపై పెట్టింది. గాజు గీతను ముందే చెరిపేయమన్నాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. కాగితం కడిగాక నున్నటి ఆకు పక్కన, నీలంలో, అది వెంట్రుకంత తెల్లగా పడింది.