నాన్న షుగరు, డాక్టర్ గారి కంప్యూటరు

మొన్న నాన్నని ఎంవీపీ కాలనీలో షుగర్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 8.9 వచ్చింది, ఎక్కువే, నాన్నేమో ఫాస్టింగ్ 118 చూపించి నాకేం లేదురా అంటారు, అది ఆ ఒక్క పొద్దుటి లెక్క, ఇది రెండు మూడు నెలల షుగర్ యావరేజ్ అంటే వినరు (ముందు రోజు రాత్రి రెండిడ్లీలతో సరిపెట్టారు లెండి, మర్నాడు పరీక్ష కదా!).

డాక్టర్ గారు వయసు 68, కిడ్నీ పరీక్షలో వచ్చిన క్రియాటినిన్ 1.7, వేసుకునే మందులు అన్నీ సిస్టమ్‌లో కొట్టగానే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క) 43 అని ఎర్రగా అలర్ట్ వచ్చింది. నాన్న రోజుకి 2000 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వేసుకుంటున్నారు, ఈ నంబర్ 45 కంటే తగ్గితే మామూలుగా డోసు సగం చేస్తారంట, 30 కిందకెళ్తే ఆపేయడమే. డాక్టర్ గారికి తెలీక కాదు, బయట అంతమంది కూర్చుని ఉంటే ప్రతి రిపోర్టుకీ మనసులో లెక్కెయ్యడం ఎవరి తరం?

కిడ్నీకీ గుండెకీ మేలు చేసే ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందుని కూడా ఆ సిస్టమే చూపించింది, అది రాశారు. గ్లిమిపిరైడ్ అనే ఇంకో షుగర్ మందు కూడా లిస్టులో ఉంది గానీ డాక్టర్ గారు "మీరు భోజనం ఎన్నింటికి చేస్తారండీ?" అని అడిగారు. మూడింటికి అన్నారు నాన్న. వెంటనే దాన్ని పక్కన పెట్టేశారు, తిండి లేటైతే షుగర్ పడిపోతుందని. ఆ ప్రశ్న మాత్రం కంప్యూటర్ అడగలేదు, నాకు నచ్చిందదే.

ఆటో ఎక్కాక నాన్న మెల్లగా, "ఒరేయ్, మామిడిపండు సంగతి ఆ కంప్యూటర్ ఏమీ అనలేదు కదా?"