కంటి కింద వాపు, పంట్లో రోగం

మా చిట్టికి పదకొండేళ్ళు. విజయనగరంలో మా వీధిలోనే పుట్టిన నాటు కుక్క. మొన్న వేసవిలో దాని కుడి కంటి కింద శనగగింజంత వాపు లేచింది. కందిరీగ కుట్టి ఉంటుందన్నారు చూసినవాళ్ళు. కొద్ది రోజులకే అది పగిలి చీము కారింది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు ముందుగా చిట్టి పెదవి పైకెత్తారు. పై దవడలో వెనకవైపు ఉండే పెద్ద పన్ను గోధుమరంగు గార కింద సగం కనపడకుండా పోయింది. "కంటికేమీ కాలేదమ్మా. ఈ పంటికి మూడు వేర్లు. వాటి కొసలు కంటి కిందికి ఉంటాయి. అక్కడ కుళ్ళితే చీము ఇలా బయటికి వస్తుంది" అన్నారు.

"కానీ అన్నం తింటూనే ఉంది కదండీ!"

"నొప్పి ఉన్నా తింటాయమ్మా. తినే తీరు చూడాలి."

ఒకవైపే నమలడం, ముద్ద నోట్లోంచి జారవిడవడం, మూతిని కాలితో రుద్దుకోవడం, నోటి దుర్వాసన: ఇవన్నీ పంటి జబ్బు గుర్తులేనట. ముసలి కుక్క నోరు కంపు కొట్టడం మామూలేనని మా వైపు అందరూ అంటారు. అది వయసు వాసన కాదు, చిగుళ్ళ జబ్బు వాసన.

మందులతో వాపు తీసింది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కుళ్ళిన వేరు లోపలే ఉంటే చీము మళ్ళీ పడుతుందని డాక్టరుగారు గట్టిగా చెప్పడంతో చిట్టిని గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళాం. ముసలి ప్రాణానికి మత్తేమిటని మా అత్తయ్యగారు కంటనీరు పెట్టుకున్నారు. నాకూ భయమే. కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో రక్తపరీక్షలో చూశాకే మత్తు ఇస్తామన్నారు. మత్తు లేకుండా పైపైన గార గీకితే పళ్ళు తెల్లగా కనిపిస్తాయి గానీ, చిగురు లోపలి రోగం అలాగే ఉంటుంది. గొంతులో గొట్టం పెట్టేదీ నోట్లోని నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉండడానికేనని అక్కడే తెలిసింది.

పెద్ద పన్నును మూడు ముక్కలుగా కోసి ఒక్కో వేరు విడిగా తీశారు. కదులుతున్న ముందు పళ్ళు కూడా తీసి, మిగతావి శుభ్రం చేసి, వాటంతటవే కరిగిపోయే కుట్లు వేశారు.

పళ్ళు లేకుండా ఎలా తింటుందన్నది మా అందరి బెంగ. కుక్కకు 42 పళ్ళుంటాయి గానీ అది మనలా నమిలి తినే జంతువు కాదు, చీల్చి మింగుతుంది. చల్లార్చిన చోడి అంబలి, మెదిపిన పెరుగన్నం, ముళ్ళు తీసిన చేప పెట్టాం. కుట్లు మానేలోపే గిన్నె నాకేయడం మొదలుపెట్టింది. నొప్పిపెట్టే పన్ను ఉండడం కన్నా లేకపోవడమే దానికి సుఖం.

ఇప్పుడు రోజూ రాత్రి మెత్తని బ్రష్‌తో పళ్ళు తోముతున్నాను. పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గార కడుతుంది కాబట్టి వారానికోసారి తోమితే లాభం లేదు. మన పేస్టు మాత్రం వాడకూడదు. కుక్క ఉమ్మదు, మింగేస్తుంది; కొన్ని పేస్టుల్లో తీపికోసం కలిపే జైలిటాల్ దానికి విషం. మొదట్లో వేలికి గుడ్డ చుట్టి, ఉప్పూ కారం లేని కోడి ఉడికించిన నీళ్ళలో ముంచి చిగుళ్ళు తుడిచేదాన్ని. అలా నోరు ముట్టనివ్వడం అలవాటైంది. గట్టి ఎముకలు పళ్ళు విరగ్గొడతాయని పక్కింటి పిన్నిగారికి చెబితే, ఆవిడ వాటిని వేయడం మానేశారు.

మొన్న ఎదురింటివాళ్ళ కుక్క పెదవి ఎత్తి చూశాను. అదే పన్ను, అదే గార, ఎర్రని చిగురు. వాపు ఇంకా రాలేదు. సోమవారం వాళ్ళూ ఆసుపత్రికి వెళ్తున్నారు.